డంజన్ మాస్టర్ తొండి ఆడొచ్చా?

ప్రశ్న: నలుగురు స్నేహితులతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదలుపెట్టాను, అదే, తలా ఒక పాత్ర తీసుకుని డైస్ వేస్తూ కథ నడిపే ఆట. కథ నడిపి, శత్రువుల్ని ఆడించి, తీర్పులు చెప్పే డంజన్ మాస్టర్‌ని నేనే. మూడో సెషన్‌లో క్లెరిక్, అంటే గాయాలు మాన్పే పూజారి పాత్ర, చనిపోయింది. ఆ పాత్ర ఆడుతున్న స్నేహితురాలు ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడలేదు. నా ముందు అడ్డుగా పెట్టుకునే స్క్రీన్ వెనక డైస్ మార్చి చెప్పి ఉంటే సరిపోయేదా? జరిగిందంతా కల అనేద్దామా? ఇంకో ఇద్దరేమో తమకు ఛాన్సే రావట్లేదంటున్నారు. అందరికీ న్యాయంగా, సరదాగా ఆట నడపడం ఎలా?

జవాబు:

స్క్రీన్ వెనక డైస్ మార్చి చెప్పిన బాపతే నేనూ. కాబట్టి ముందు ఆ సంగతి చెప్తాను.

నేను ఆట నడపడం మొదలుపెట్టిన కొత్తలో జరిగింది. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ రూల్స్‌తో ఆడుతున్నాం. అందరివీ ఫస్ట్ లెవెల్ పాత్రలు. ఒక వంతెన మీద ఓగర్ అనే భారీ రాక్షసుణ్ణి పెట్టాను. ఆ రూల్స్‌లో ఓగర్ గద దెబ్బకి ఎనిమిది ముఖాల డైస్ రెండు వేసి, పైన నాలుగు కలపాలి. మా విజార్డ్‌కి, అంటే మంత్రాలు వేసే పాత్రకి, ఉన్నవే 8 హిట్ పాయింట్లు, అదే ప్రాణబలం. ఓగర్ కొట్టింది, తగిలింది. డ్యామేజీకి డైస్ వేస్తే ఏడు, ఆరు. నాలుగు కలిపితే 17. హిట్ పాయింట్లు సున్నాకి వచ్చాక మిగిలిన డ్యామేజీ మన పూర్తి హిట్ పాయింట్లతో సమానమైనా, వాటిని దాటినా అక్కడికక్కడే చావు. 17లో 8 పోతే ఇంకా 9 ఉంది. విజార్డ్ కథ ముగిసినట్టే. ఆ అబ్బాయి తన పాత్ర గతమంతా రెండు పేజీలు రాసుకొచ్చాడు. నాకు చేతులు రాలేదు. డైస్ అరచేత్తో కప్పేసి "తొమ్మిది" అన్నాను. విజార్డ్ స్పృహ తప్పి పడ్డాడు, క్లెరిక్ వచ్చి లేపింది, అందరూ హమ్మయ్య అనుకున్నారు.

కింద పడ్డ పెన్సిల్ కోసం లేచిన ఫైటర్ ప్లేయర్ సరిగ్గా అప్పుడే నా వెనక ఉన్నాడు. ఆ రోజు ఏమీ అనలేదు. ఒక నెల తర్వాత, అన్నాళ్ళుగా ఎదురుచూసిన పెద్ద పోరాటం వచ్చింది. ఇద్దరు నేల మీద ఉన్నారు. చాటుమాటు పనుల్లో ఆరితేరిన రోగ్ పాత్ర ఆడే అమ్మాయి ఇరవై ముఖాల డైస్‌ని రెండు చేతుల మధ్యా పెట్టుకుని గలగలలాడిస్తోంది, వేయడానికి ధైర్యం చాలట్లేదు. ఫైటర్ కుర్చీలో వెనక్కి వాలి, "టెన్షన్ దేనికి, ఈయన మనల్ని చావనివ్వడులే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ అమ్మాయి వేసింది. 20 పడింది. ఎవరూ అరవలేదు.

తొండి అంటే మనం గెలవడానికి చేసేదనే అనుకుంటాం. ఎదుటివాళ్ళని గెలిపించడానికి చేసినా అది తొండే, పైగా వాళ్ళ గెలుపునే తినేస్తుంది. ఆ వారమే స్క్రీన్ తీసి అలమారలో పడేశాను. అప్పటినుంచి నా డైస్ కూడా అందరి ముందే వేస్తున్నాను.

ఇక్కడ చిక్కు ఎక్కడుందంటే, మన పనిలో రెండు పనులు కలిసిపోయి ఉన్నాయి. ఈ ఆటని తయారుచేసిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన తొలి పుస్తకాల్లో డంజన్ మాస్టర్‌ని రిఫరీ అనే పిలిచారు. చిన్న సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధాల ఆటల్లోంచి పుట్టిందే ఈ ఆట కదా, రెండు పక్షాలు తలపడితే మధ్యలో తీర్పు చెప్పేవాడన్నమాట. మన బల్ల దగ్గర ఆ రెండో పక్షం కూడా మనమే. గద ఎత్తేదీ మనమే, దెబ్బ తగిలిందని చెప్పేదీ మనమే. అలాంటప్పుడు ప్లేయర్లకి నమ్మకం కలగాలంటే ఒకటే దారి కనిపించింది నాకు: డైస్ పడకముందే అన్నీ చెప్పేయడం.

ఉదాహరణకి మొన్నటి సెషన్‌లో రోగ్ ఒక కోట గోడ ఎక్కుతానంది. వెంటనే డైస్ వేయించలేదు. "మొత్తం 15 రావాలి. నీకు మూడు కలుస్తుంది కాబట్టి డైస్ మీద 12 పడితే చాలు. తప్పితే కింద పడవు, పైకే చేరతావు, కానీ ఒక రాయి ఊడి పడుతుంది, కాపలావాళ్ళు వింటారు" అన్నాను. అంటే నూటికి 45 పాళ్ళు అవకాశం. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "ఫైటర్ భుజాల మీద నిలబడి మొదలుపెడితే?" అంది. బాగుంది, అడ్వాంటేజ్ ఇచ్చాను, రెండు డైస్ వేసి పెద్దది తీసుకోమన్నాను. అవకాశం దాదాపు 70కి పెరిగింది. అయినా పాచిక పారలేదు. రెండూ ఒంటి అంకెలే. రాయి పడింది, కాపలావాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఒక్కరూ నన్ను తప్పుపట్టలేదు. ఏం పోతుందో ముందే తెలుసు, పందెం కాసింది తనే.

ఇలా ముందే చెప్పడం మొదలుపెట్టాక నాకూ ఒక మేలు జరిగింది. "తప్పితే ఏమవుతుంది" అన్నదానికి నా దగ్గరే జవాబు లేకపోతే అక్కడ డైస్ అక్కర్లేదని తెలిసిపోతోంది. వచ్చే ఫలితాల్లో ఒకదాన్ని నేను ఒప్పుకోలేనంటే అసలు డైస్ వేయకూడదు. ఆ ఓగర్ విషయంలో తప్పు 17ది కాదు. ఒక్క దెబ్బకి సగటున 13 డ్యామేజీ చేసేదాన్ని, తప్పించుకునే దారి లేని వంతెన మీద, ఎనిమిదేసి హిట్ పాయింట్లున్న వాళ్ళ మీదికి తోలాను. వంతెన ఇవతల నుజ్జయిన బండి ఒకటి చూపించాల్సింది. లేదా ఓగర్‌కి కావలసింది ప్రాణాలు కాదు, వాళ్ళ గాడిద అని పెట్టుకోవాల్సింది. ప్రతి జంతువూ, ప్రతి దొంగా చచ్చేదాకా పోరాడరు కదా. తోడేళ్ళు పడిపోయినవాణ్ణి ఈడ్చుకుపోతాయి, గాబ్లిన్లు సంచి లాక్కుని పారిపోతాయి. ఓడిపోవడానికి చావు ఒక్కటే మార్గం కానప్పుడు డైస్ మార్చాల్సిన అవసరం చాలా తగ్గిపోతుంది. ఒకవేళ పోరాటం మధ్యలో నా లెక్క తప్పిందని తెలిస్తే, ఆట ఆపి "ఇది నా పొరపాటు, దీని బలం ఇంత తగ్గిస్తున్నాను, సరేనా" అని నోరు తెరిచి అడుగుతాను. కాస్త పరువు తక్కువే. అరచేత్తో కప్పడం కంటే నయం.

రెండో వైపు తొండి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ప్లేయర్లు తేలిగ్గా గెలిచేస్తున్నారని శత్రువు హిట్ పాయింట్లు గుట్టుగా పెంచేయడం. ఒక మాంత్రికుడి కోసం నేను మూడు పేజీల ప్రసంగం రాసుకున్నాను. వాడు రెండో వాక్యంలో ఉండగా రోగ్ బాణం తగిలింది, తర్వాత ఫైటర్ దెబ్బ, మొదటి రౌండ్‌లోనే చచ్చాడు. అంకెని రెట్టింపు చేద్దామని చెయ్యి ఎంత దురద పెట్టిందో నాకే తెలుసు. చేయలేదు. ఇప్పటికీ ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే మావాళ్ళు ముందు చెప్పే కథ అదే. ఆ మూడు పేజీలు మాత్రం ఇంకా నా దగ్గరే ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే ఇస్తాను.

డైస్ దాచకపోయినా అన్యాయం జరిగే చోటు ఇంకొకటుంది. అది లెక్కలో దాక్కుంటుంది. నలుగురూ చప్పుడు కాకుండా శిబిరం దాటాలన్నారనుకోండి. ఒక్కొక్కరికి సగం సగం అవకాశం. "అందరూ వేయండి, ఒక్కరు తప్పినా దొరికిపోతారు" అంటే నలుగురూ గట్టెక్కే అవకాశం పదహారింట ఒకటి, అంటే నూటికి ఆరు. పోనీ ఒక్కొక్కరికి 70 పాళ్ళు ఉన్నా నలుగురికీ కలిపి 24 దాటదు. చాలా కాలం నేను ఇలాగే వేయించాను. మా వాళ్ళు దొంగచాటుగా పోవడం మానేసి ఎక్కడికెళ్ళినా తలుపు బద్దలుకొట్టడం మొదలుపెట్టారు. వీళ్ళకి ఓపిక లేదు అని విసుక్కున్నాను కూడా. ఐదో ఎడిషన్‌లోనే దీనికి గ్రూప్ చెక్ అని ఉంది: సగం మంది నెగ్గితే అందరూ నెగ్గినట్టు. అదే నలుగురికి, అదే సగం సగం అవకాశంతో, నూటికి 69 వస్తుంది. ఇనప కవచం వేసుకున్న ఫైటర్‌ని రోగ్ చెయ్యి పట్టుకుని నడిపించిందని కథలో చెప్పుకోవచ్చు. దాటించిన కాసేపటికే ఇంకో మలుపు దగ్గర మళ్ళీ వేయించడం మొదలుపెడితే మాత్రం ఈ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఒకసారి వేస్తే శిబిరం దాటేదాకా అదే చెల్లాలి.

డైస్ బయటే వేస్తే రహస్యాలెలా అని అడుగుతారు. ఉచ్చు కోసం వెతికి 2 పడితే, ఏమీ కనిపించలేదని మనం చెప్పినా ప్లేయర్ నమ్మడు కదా. దానికి పాసివ్ పర్సెప్షన్ ఉంది: 10కి ఆ పాత్ర పరిశీలన బోనస్ కలిపితే వచ్చే అంకె. నలుగురివీ ఒక చీటీ మీద రాసి నా ముందు పెట్టుకుంటాను. ఉచ్చు కనిపెట్టడానికి కావలసిన అంకె దానికి సమానమైనా, తక్కువైనా కనిపించినట్టే, డైస్‌తో పనిలేదు. అలాగే కథ ముందుకు పోవడానికి తప్పనిసరైన ఆధారాన్ని ఒక్క డైస్ వెనక పెట్టొద్దు. రెండు మూడు చోట్ల పెట్టండి. రూల్ మీద గొడవొస్తే అప్పటికి ప్లేయర్ వైపే తీర్పు చెప్పి, సెషన్ అయ్యాక పుస్తకం చూడండి. ఏది తేలినా శత్రువులకీ అదే రూల్.

ఇక ఛాన్స్ రావట్లేదన్న ఇద్దరి సంగతి. గొంతు పెద్దదున్నవాడి తప్పు కాదది. "ఇప్పుడేం చేస్తారు?" అని మీరు గాల్లోకి అడిగితే అందులో ముందు అందుకునేది వాడే. పేరు పెట్టి అడగండి, పాత్ర పేరు పెట్టి. ఫైటర్ తలుపు దగ్గర ఉన్నాడు, విజార్డ్, ఆ గదిలో నీ కళ్ళు ముందు దేని మీద పడ్డాయి? పోరాటం లేనప్పుడు కూడా నేను బల్ల చుట్టూ వరసగా ఒక రౌండ్ అడుగుతాను. ఎవరు ఎప్పుడు మాట్లాడారో చీటీ మీద గీతలు పెట్టుకుంటాను, మొదట్లో అవి చూసి నాకే సిగ్గేసింది. అయితే అందరికీ సమానంగా గీతలు పడాలని పట్టుబట్టకండి. మా గుంపులో ఒకావిడ గంటకి రెండు మాటలు మాట్లాడేది. పాపం విసుగు పుడుతోందేమోనని ఆమె కోసం ప్రత్యేకంగా ఒక సన్నివేశం తయారుచేస్తే, అందరూ తనవైపే చూస్తుంటే చెమటలు పట్టాయామెకి. తర్వాత విడిగా అడిగితే, "నాకు మ్యాప్ గీయడం ఇష్టమండి, అది చాలు" అంది. ఇప్పుడు మేమెక్కడున్నామో ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు, నాతో సహా.

ఇవన్నీ ఆట మొదలవకముందే ఒక పూట కూర్చుని మాట్లాడుకోవాల్సినవి. సెషన్ జీరో అంటారు. పాత్రలు చనిపోవడం ఒప్పుకుంటారా, ఏ విషయాలు కథలోకి రావద్దు, ఎవరికి పోరాటం ఇష్టం, ఎవరికి కబుర్లు. బల్ల మధ్యలో ఎక్స్ గుర్తు వేసిన కార్డు ఒకటి పెడతాను. ఎవరు ముట్టుకున్నా ఆ సన్నివేశం అక్కడితో వదిలేస్తాం, కారణం అడగం. మీరు ఇది చేయలేదనుకుంటే వచ్చేసారి చేయండి, మూడు సెషన్లు దాటిపోయినంత మాత్రాన ఏమీ మించిపోలేదు.

మీ క్లెరిక్ విషయం. కల అని చెప్పొద్దు. ఆ రోజు మిగతా ముగ్గురూ చేసినదంతా కూడా కలైపోతుంది. ముందు మీ స్నేహితురాలికి ఫోన్ చేసి, ఆ పాత్ర తిరిగి రావాలనుందా, కొత్తది కావాలా అని అడగండి. ఒకవేళ తనకి ఏం జరిగిందో అర్థం కాకుండానే చనిపోయి ఉంటే, అంటే ప్రమాదం ఎంతో మీరు ముందు చెప్పకపోయి ఉంటే, అందుకు సారీ చెప్పండి. రూల్స్‌లో రెయిజ్ డెడ్ అనే మంత్రం ఉంది. చనిపోయి పది రోజులు దాటకూడదు, 500 బంగారు నాణేల విలువ చేసే వజ్రం ఒకటి కావాలి, తిరిగి రావడానికి ఆ ఆత్మ ఒప్పుకోవాలి. ఆ ఆత్మ ఒప్పుకోలు సంగతే మీరు ఫోన్‌లో అడిగేది. సరే అంటే వజ్రం ఎక్కడుందో, మంత్రం వేయగల పూజారి ఎంత దూరంలో ఉన్నాడో వచ్చే సెషన్ మొదట్లోనే అందరికీ చెప్పేయండి, బల్ల మీద ఒక కాగితం పెట్టి పది గళ్ళు గీయండి. రోజు గడిచినప్పుడల్లా ఒక గడి కొట్టేసే పని ఆమెకే ఇవ్వండి. అప్పటిదాకా ఆడుకోవడానికి ఒక బండివాడినో, కూలికి వచ్చిన సిపాయినో ఆమె చేతికివ్వండి. అయిదో గడి దాటాక ఫైటర్ "ఇవాళ విశ్రాంతి తీసుకుందాం" అన్నాడంటే ఆమె ఏమంటుందో చూడండి.