మళ్ళీ వస్తానన్న మాట

బిడ్డా,

హన్మకొండ లయన్స్ క్లబ్బులో ఈ జులై నుంచి నువ్వే సెక్రటరీవని మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం కొంత, టెన్షన్ కొంత. ఆ సేవా క్లబ్బులు ఆడవాళ్ళను సభ్యులుగా తీసుకున్నదే 1987లో. ఇప్పుడు మా ఇంటి పిల్ల మినిట్స్ రాస్తుందంటే గర్వంగా ఉంది.

మీటింగుకు టైముకు పో. చందా బాకీ పెట్టకు. జనం దగ్గర వసూలు చేసిన డబ్బును వేరే ఖాతాలో ఉంచు, అందులోంచి మీటింగు టిఫిన్ కూడా తినొద్దు. రక్తదాన శిబిరం పెడితే మే నెలలో పెట్టు. కాలేజీలకు సెలవులుంటాయి, రక్తం దొరకదు. తలసేమియా పిల్లలకు మాత్రం రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించాల్సిందే. నువ్వు ఇవ్వాలనుకుంటే ముందు హిమోగ్లోబిన్ చూపించుకో, 12.5 ఉండాలి. ఎప్పుడూ సరిగ్గా తినవు, నాకు తెలుసు.

హెలెన్ కెల్లర్ 1925లో లయన్స్ సభకు వచ్చి, చూపు లేనివాళ్ళకు తోడు నిలవమని అడిగారని నీకు చెప్పే ఉంటారు. కంటి క్యాంపు పెట్టాలని నీకూ ఉంటుంది. అందుకే 1992 సంగతి రాస్తున్నా. మీ బాపుకు కూడా పూర్తిగా తెలియదు.

అప్పుడు నేను మా క్లబ్బుకు సెక్రటరీని. క్లబ్బు ఏడాది జూన్ 30తో అయిపోతుంది. నా రిపోర్టులో ఒక పెద్ద క్యాంపు ఉండాలని ఆశపడి, నర్సంపేట అవతల ఒక ఊళ్ళో జూన్ చివరి వారంలో కంటి శుక్లాల ఆపరేషన్లు పెట్టించాను. తొలకరి పడింది. ఊరంతా పత్తి గింజలు పెడుతోంది. ముసలివాళ్ళ కళ్ళలో చుక్కలు వేసే మనిషి ఇంట్లో ఉండడని నాకు తట్టలేదు. వ్యవసాయం ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు తట్టాలి. అప్పటి క్యాంపుల్లో కంట్లో లెన్సు పెట్టేవాళ్ళు కాదు. కుట్లు వేసి, నెలన్నరకు సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవాళ్ళు. వారానికే వచ్చి కళ్ళు చూపిస్తామని మైకులో చెప్పింది నేనే.

జులై ఒకటిన సీలు, చెక్కుబుక్కు, ఫైళ్ళు అప్పగించాను. ఆపరేషన్ అయినవాళ్ళ లిస్టు మాత్రం నా స్కూలు సంచిలో ఉండిపోయింది. నేను చూసుకుంటానని కొత్తాయన అనుకున్నాడు. నా పని అయిపోయిందని నేను అనుకున్నాను. ఆగస్టులో లిస్టు చేతికి తగిలింది. పొద్దున్నే బస్సెక్కాను.

ఒక అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. చుక్కల మందు అయిదు రోజులకే అయిపోయిందట. తర్వాత ఆమె కూడా చేనుకు పోయింది. కన్ను ఎర్రబడి చీము పట్టింది. ఆ కంట్లో ఇంక చూపు లేదు. నా గొంతు గుర్తుపట్టి, "మల్ల వస్తనంటివి గద సారూ" అన్నది. ఇంకొక్క మాట కూడా అనలేదు. వరంగల్‌కు తీసుకుపోతే ఆలస్యమైందన్నారు. చలికాలంలో రెండో కంటికి చేయించి, ఆరు వారాలు నేనే పోయి చుక్కలు వేసి వచ్చాను. ఆ మొదటి కన్ను మాత్రం నా ఖాతాలోనే ఉంది.

ఇప్పుడు లెన్సు పెడుతున్నారు, అయినా చుక్కలు దాదాపు నెల రోజులు వేయాల్సిందే. బ్యానర్ రాయించకముందే రెండోసారి పోయే తేదీ రాసుకో. గింజలు పెట్టేటప్పుడు, పత్తి ఏరేటప్పుడు క్యాంపు వద్దు. లిస్టులో పేరు పక్కన, చుక్కలు ఎవరు వేస్తారో వాళ్ళ పేరు, ఫోన్ నంబరు కూడా ఉండాలి. ఎవరూ లేకపోతే ఆశా వర్కరుతో మాట్లాడు. పదవి దిగేటప్పుడు ఆ లిస్టు కొత్తవాళ్ళ చేతిలో పెట్టి, ఒకసారి వాళ్ళతో కలిసి ఊరికి పో. దీనికి అడ్డం చెప్పకు బిడ్డా, చెయ్యి.

ఇంకొకటి. చీకటి పడ్డాక నర్సంపేట రోడ్డు మీద ఒక్కదానివే బండి మీద రాకు. పత్తి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్‌కు బండ్లు వరసగా వస్తుంటాయి. నువ్వు ఇల్లు చేరి ఫోన్ చేసేదాకా మీ పెద్దమ్మ అన్నం తినదు. నేనూ తినను.

మొదటి క్యాంపు ఏ ఊళ్ళోనో చెప్పు. ఆ రోజు నన్ను స్టేజీ మీదికి పిలవొద్దు. వారానికి కళ్ళు చూడటానికి పోతావు కదా, అప్పుడు తీసుకుపో. చుక్కలు వేయడం నాకు బాగా వచ్చు.

మీ పెద్దనాయిన