సౌరశక్తి అంచనా నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?

నీ ప్రశ్న ఇదీ: డిగ్రీ ఫిజిక్స్ చివరి ఏడాదిలో ఉన్నావు, వాతావరణ డేటా నుంచి ఒక చోట ఏడాదికి ఎంత సౌరశక్తి వాడుకోవచ్చో లెక్కగట్టడం నీ ప్రాజెక్టు, చేతిలో ఉన్నవేమో రోజువారీ ఎండ గంటలు, ఉష్ణోగ్రతలు మాత్రమే. ఇదే కెరీర్‌గా తీసుకుందామంటే, వెబ్‌సైట్లే ఉచితంగా చెప్పేస్తున్న దానికి జీతం ఎవరిస్తారని టెన్షన్.

నిజమే, పీవీవాట్స్, పీవీజీఐఎస్ లాంటి ఉచిత వెబ్‌సైట్లలో చోటు చూపించి ప్లాంటు సైజు చెబితే నిమిషంలో అంకె వస్తుంది. కానీ ఆ అంకెను నమ్మి ఒకరు అప్పు ఇస్తారు, ఇంకొకరు ప్లాంటు కడతారు, ఏడాది తిరిగేసరికి కరెంటు తక్కువ వస్తే తప్పు డేటాలో ఉందా, ప్యానెల్ మీది దుమ్ములో ఉందా, ఆ ఏడాది మబ్బుల్లో ఉందా అని విడదీసి చెప్పగలిగే మనిషి కోసం అందరూ వెతుకుతారు. జీతం ఆ మనిషికే. నువ్వు అలా తయారవడానికి ఈ ప్రాజెక్టు చక్కగా సరిపోతుంది.

రేడియేషన్ డేటా, అంటే నేల మీద పడే సూర్యశక్తి కొలతలు, లేదని దిగులు పడకు. ఎండ గంటల నుంచి రేడియేషన్ లెక్కకట్టే పద్ధతిని స్వీడన్ శాస్త్రవేత్త ఆంగ్‌స్ట్రామ్ 1924లోనే ఇచ్చాడు, తర్వాత ప్రెస్కాట్ దాన్ని సవరించాడు. వాతావరణం పైన ఎంత పడుతుందో తేదీ, అక్షాంశం తెలిస్తే లెక్కకు వస్తుంది కదా, దాన్ని (0.25 + 0.5 × ఎండ కాసిన గంటలు ÷ పగటి గంటలు)తో గుణించడమే. పగలు 12 గంటలై, ఎండ 8 గంటలు కాస్తే 0.58 వస్తుంది, అంటే పైన చదరపు మీటరుకు 10 యూనిట్లు పడితే నేలకు చేరేది దాదాపు 5.8. ఆ 0.25, 0.5 చోటును బట్టి మారతాయి కాబట్టి, దగ్గర్లో కొలిచిన రేడియేషన్ కొన్ని నెలలదైనా దొరికితే వాటిని సరిచేసుకో.

చాలామంది ఇక్కడే ఆగి, వచ్చినదాన్ని ప్యానెల్ సామర్థ్యంతో గుణించి అయిపోయిందంటారు. అసలు పని ఇక్కడి నుంచే. ప్యానెల్ మీద రాసిన వాట్లు దానిలోని సెల్ (కరెంటు పుట్టించే పలక) 25 డిగ్రీల ఉష్ణోగ్రతలో ఉన్నప్పటివి, కానీ చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండలో సెల్ చుట్టూ గాలి కంటే సుమారు 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. గాలి 35 ఉంటే సెల్ 65 దగ్గర ఉంటుంది, డిగ్రీకి 0.4 శాతం చొప్పున తగ్గే సిలికాన్ ప్యానెల్ అయితే అక్కడే 16 శాతం పోయింది. అందుకే బాగా మండే నెల ఎక్కువ కరెంటు ఇచ్చే నెల కాకపోవచ్చు. ఇంకో మాట, 24 గంటల సగటు ఉష్ణోగ్రత వాడకు, ప్యానెల్ పనిచేసేది పగలే కాబట్టి పగటి ఉష్ణోగ్రత కావాలి. దుమ్ము, వైర్లు, ఇన్వర్టర్ నష్టాలు తర్వాత కలుపు, ప్యానెల్ వంపు లెక్క మాత్రం ఈ వేడి, నష్టాల లెక్కలన్నిటికంటే ముందే చెయ్యి.

డేటాలో టైమ్ కూడా చూసుకో. నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థి గ్రాఫులో ఎండ శిఖరం మధ్యాహ్నానికి బదులు పొద్దున్నే వచ్చింది, రెండు వారాలు ఫార్ములాలు తిరగేశాక తెలిసింది ఫైల్లో ఉన్నది అంతర్జాతీయ సమయమని. ఇలాంటివి పట్టుకోవడమే ఈ పనిలో సగం రోజు. గంటల తరబడి డేటా శుభ్రం చేయడం నీకు విసుగనిపిస్తే ప్లాంటు డిజైన్ వైపో సైట్ పనుల వైపో చూడు, అవీ మంచి ఉద్యోగాలే.

ఏడాదికి ఒక్క అంకె చెప్పి ఊరుకోకు. కనీసం పదేళ్ల డేటా తీసుకుని, పదిలో తొమ్మిదేళ్లు దాటే అంకె ఎంతో చెప్పు. దీన్నే పీ90 అంటారు, అప్పిచ్చేవాళ్లు ముందు చూసేది అదే. అన్ని ఏళ్ల రేడియేషన్ నాసా పవర్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, కానీ అది ఉపగ్రహాల, మోడళ్ల అంచనాయే, అక్కడ నేల మీద కొలిచింది కాదని గుర్తుంచుకో.

నేర్చుకోవాల్సింది పైథాన్ ప్రోగ్రామింగ్, అందులో సౌరశక్తి లెక్కలు చేసే పీవీలిబ్ అనే లైబ్రరీ, దాంతోపాటు స్టాటిస్టిక్స్ గట్టిగా. స్టాటిస్టిక్స్‌ను మాత్రం దాటేయకు. పీజీ చేస్తే వాతావరణ శాస్త్రమైనా ఎనర్జీ అయినా పనికొస్తుంది, గ్రిడ్ కోసం రేపటి ఉత్పత్తిని అంచనా వేసే పని ఇష్టమైతే మొదటిదే మేలు. వారాంతపు సర్టిఫికెట్లకు డబ్బు పెట్టడం నాకు నచ్చదు. దానికి బదులు పనిచేస్తున్న ఏదైనా ప్యానెల్ మీటర్ రీడింగులు సంపాదించి, నెలనెలా నీ అంచనా పక్కన పెట్టి, ఎక్కడ ఎంత తేడా వచ్చింది, ఎందుకు వచ్చింది అని రెండు పేజీలు రాసి రెజ్యూమెకు జతచేయి. ఇంటర్వ్యూలో ఆ తేడాల గురించే అడుగుతారు.