చలికి వేళ్లు తెల్లబడుతుంటే ముందు అది ఏ రకమో తేల్చుకోవాలి

తమ్ముడూ, మీ చెల్లికి 22 ఏళ్లని, చలికాలం పొద్దున్నే గిన్నెలు తోముతుంటే రెండు చేతుల వేళ్లూ తెల్లగా పాలిపోయి మొద్దుబారుతున్నాయని, ఇంట్లోవాళ్లు పక్షవాతానికి సూచన అని భయపడుతున్నారని రాశారు. పక్షవాతం ఇలా రాదు. మీరు చెప్పినదాన్ని బట్టి చలికి వేళ్ల రక్తనాళాలు బిగుసుకుపోయే రేనాడ్స్ అనే సమస్య అయ్యే అవకాశమే ఎక్కువ. నాకు చాలా ఏళ్లుగా ఉంది కాబట్టి తెలిసింది చెప్తాను.

చలి తగిలితే ఒంట్లో వేడి పోకుండా ఎవరికైనా వేళ్లలోని సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి. మాలాంటివాళ్లకు అవి అతిగా బిగుసుకుపోయి కాసేపు రక్తం అందదు. అందుకే వేలు తెల్లబడి, తర్వాత నీలమై, రక్తం మళ్లీ పారగానే ఎర్రబడి చురచురమంటుంది. మూడు రంగులూ అందరికీ కనిపించవు. టెన్షన్ పడ్డా వస్తుంది. 1862లో మోరిస్ రేనాడ్ అనే ఫ్రెంచి డాక్టరు దీన్ని వివరించాడు, ఆయన పేరే ఉండిపోయింది.

నేను ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసేదాన్ని. బస్తాల నంబర్లు సరిచూసి బయటికొచ్చేసరికి ఉంగరం వేలు మధ్య కణుపు దాకా తెల్లగా ఉండేది. తెలుపు ఆగిన చోట గీత గీసినట్టు కనిపించేది. చేతిలో పెన్ను ఉందో లేదో చూస్తేగానీ తెలిసేది కాదు. బయటేమో మే నెల ఎండ. వరంగల్ ఎండల్లో చలి జబ్బేంటని అందరూ అనేవాళ్లు. ఏసీ గాలికీ, ఫ్రిజ్‌లోంచి సీసా తీసినా వస్తుందని వాళ్లకు తెలియదు.

అసలు తేల్చుకోవాల్సింది ఇందులో ఏ రకం అనేది. వేరే జబ్బేమీ లేకుండా, చిన్న వయసులో, రెండు చేతులకూ సమానంగా వచ్చేది ఇబ్బందే గానీ ప్రమాదం తక్కువ. ముప్పై దాటాక కొత్తగా మొదలైనా, ఒక చేతికే వచ్చినా, వేలి కొసన పుండ్లు పడుతున్నా, చర్మం గట్టిపడుతున్నా, కీళ్ల నొప్పులున్నా వెనక లూపస్, స్క్లెరోడెర్మా లాంటిది, అంటే రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు ఉందేమో చూడాలి. దానికి ఏఎన్ఏ రక్తపరీక్ష చేయిస్తారు, గోరు మొదట్లోని సన్నని నాళాలను భూతద్దం లాంటి పరికరంతో చూస్తారు. చూపించాల్సింది రుమటాలజిస్టుకు, అంటే కీళ్ల జబ్బులూ ఇలాంటివీ చూసే డాక్టరుకు. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. ఆస్పత్రికి వెళ్లేసరికి వేళ్లు మామూలుగా ఉంటాయి కాబట్టి తెల్లబడ్డప్పుడు ఫోన్‌లో ఫొటో తీసి ఉంచండి. నా విషయంలో ఆ ఫొటో చూశాకే డాక్టరమ్మకు సందేహం తీరింది.

వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చెప్పాలి. మైగ్రేన్‌కూ బీపీకీ ఇచ్చే ప్రొప్రనొలాల్, ముక్కుదిబ్బడకు వాడే కొన్ని జలుబు మాత్రలు దీన్ని పెంచగలవు. బీడీ, సిగరెట్ అసలు పనికిరావు. కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో డ్రిల్లింగ్ మిషన్ పట్టే పనివాళ్లకు ఆ అదురు వల్ల కూడా వేళ్లు తెల్లబడొచ్చు, వాళ్లదీ ఇదే కోవ.

ఇంట్లో చేయగలిగింది చాలా ఉంది. గ్లౌజులొక్కటే చాలవు, ఒళ్లంతా వెచ్చగా ఉండాలి: చెవులకు మఫ్లర్, కాళ్లకు సాక్సులు, లోపల ఒక బనియన్ ఎక్కువ. రాత్రంతా మిద్దె మీద ట్యాంకులో నిలిచిన నీళ్లు పొద్దున్నే మంచులా ఉంటాయి, అదే మోటారు వేస్తే బోరు నుంచి నేరుగా వచ్చేవి గోరువెచ్చగా ఉంటాయి. గిన్నెలకు అవి పట్టండి, లేదా ఆ పని ఎండ వచ్చాక పెట్టుకోమనండి. నాకు సగం బాధ అక్కడే తగ్గింది. వేళ్లు తెల్లబడితే చంకల్లో పెట్టుకోవాలి, లేదా గోరువెచ్చని నీళ్లలో ముంచాలి. మంట మీద కాపుకోవద్దు, మొద్దుబారిన వేలికి కాలినా తెలియదు.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్ లాంటి బీపీ మందులు రక్తనాళాలను వదులు చేస్తాయి. నిఫెడిపిన్ నాకు తలనొప్పి తెప్పించింది, ఆమ్లోడిపిన్‌కు మార్చాక పాదాలు కొద్దిగా వాచినా సర్దుకుంది. ఇప్పుడు చలికాలంలోనే వేసుకుంటాను. వీటితో బీపీ పడిపోవచ్చు కాబట్టి మెడికల్ షాపులో అడిగి కొనొద్దు. గర్భం ఉన్నా, ఆ ఆలోచన ఉన్నా ముందే చెప్పాలి.

వెచ్చబడ్డాక కూడా వేలి రంగు తిరిగి రాకపోయినా, కొస నల్లబడినా, పుండు పడినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.