బాబుకి తామర మాత్ర వేసే ముందు ఇది చదవమ్మా

అమ్మీ,

నిన్న రాత్రి నీతో మాట్లాడాక నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. బాబు నడుం చుట్టూ తామర వచ్చిందని, గోకి గోకి ఎర్రగా చేసుకున్నాడని, అల్లుడుగారు మందుల షాపుకెళ్ళి ఒక ట్యూబూ నాలుగు మాత్రలూ తెచ్చారని చెప్పావు. ట్యూబు రాసేశాం, మాత్ర రేపు వేద్దామనుకుంటున్నాం అన్నావు. ఆ మాత్ర వెయ్యొద్దు. రాత్రే చెప్పాను గానీ హడావిడిలో ఎందుకో చెప్పలేదు, అందుకే రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

కిడ్నీ మార్చాక, ఆ కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా బాబు పొద్దున్నా రాత్రీ వేసుకునే టాక్రోలిమస్ ఉంది చూడు, దాన్ని లివరు ఎప్పటికప్పుడు కరిగించి బయటికి పంపేస్తూ ఉంటుంది. డాక్టరు ఆ లెక్క చూసుకునే డోసు కడతారు. తామరకి, నోట్లో తెల్ల పూతకి షాపుల్లో ఇచ్చే ఫ్లూకొనజోల్, ఇట్రాకొనజోల్ మాత్రలు లివరు చేసే ఆ పనికి అడ్డం పడతాయి. అప్పుడు నువ్వు రోజూ వేసే డోసే వేసినా మందు ఒంట్లో పేరుకుపోతుంది, పేరుకున్న మందు ఆ కొత్త కిడ్నీనే దెబ్బ తీస్తుంది. నేను స్టాఫ్ నర్సుగా ఉన్నప్పుడు ఒక పిల్లాడిని ఇలాగే తీసుకొచ్చారు. పెన్సిల్ పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది, అక్షరం రాయలేకపోతున్నాడు, కిడ్నీ సరిగ్గా పనిచెయ్యకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ పెరిగిపోయింది. వాళ్ళమ్మ ఏం మందు మార్చలేదు అంటుంది. చాలాసేపు అడగ్గా అడగ్గా, తామరకి ఎవరో ఇచ్చిన మాత్రలు వారం రోజులు వేశామని అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. ఆవిడ తప్పేముంది, తామర మాత్రకీ కిడ్నీకీ సంబంధం ఉంటుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఆ మాత్రలు అసలు వాడకూడదని కాదు. అవసరమైతే డాక్టరే రాస్తారు, రాసినప్పుడు టాక్రోలిమస్ తగ్గించి మధ్యమధ్యలో రక్తపరీక్ష చేయిస్తారు. కోర్సు అయిపోయాక మళ్ళీ పెంచాలి, ఇది చాలామంది మర్చిపోతారు. తగ్గించిన డోసు అలాగే వదిలేస్తే మందు చాలక ఒళ్ళు కిడ్నీని తిప్పికొడుతుంది. కాబట్టి మాత్ర మొదలుపెట్టేటప్పుడు ఒక ఫోను, ఆపేటప్పుడు ఒక ఫోను. రక్తంలో టాక్రోలిమస్ ఎంతుందో చూసే లెవెల్ పరీక్షకి రక్తం పొద్దుటి డోసు వెయ్యక ముందే ఇవ్వాలి. మీ ఊరి నుంచి విశాఖపట్నం చేరేసరికి ఆలస్యమవుతుందని రైల్లోనే టాక్రోలిమస్ వేసేస్తే ఆ పరీక్ష ఎందుకూ పనికిరాదు. మాత్ర సంచిలో పెట్టుకెళ్ళు, రక్తం తీశాక వెయ్యి.

ఇక ఆ ట్యూబు. వెనక చిన్న అక్షరాల్లో క్లోబెటసోల్ అనో బెటామెథసోన్ అనో ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టు. రెండు రోజుల్లో దురద తగ్గి మానిపోయినట్టే కనిపిస్తుంది, లోపల తామర మాత్రం పాకుతూనే ఉంటుంది. పసరు కూడా వద్దు, అత్తగారు ఎంత చెప్పినా సరే. తువ్వాలు వేరే పెట్టు, నిక్కర్లూ బనీన్లూ ఎండలో బాగా ఆరాకే తొడుగు, ఇంట్లో ఇంకెవరికైనా తామర ఉంటే వాళ్ళకీ ఇప్పుడే వైద్యం చేయించు.

కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఇమ్యూనిటీని మనమే తగ్గిస్తున్నాం కదా, అందుకే మామూలు పిల్లలని ఏమీ చెయ్యని బూజు కూడా వీళ్ళని పట్టుకుంటుంది. మొదటి ఆరు నెలలూ మరీ జాగ్రత్త. రిజెక్షన్ వచ్చి, అంటే ఒళ్ళు కిడ్నీని తిప్పికొట్టి, స్టెరాయిడ్ ఎక్కువగా ఇచ్చినా మళ్ళీ అంత జాగ్రత్తగానూ ఉండాలి. సెప్ట్రాన్ ఇస్తున్నారా? అది ఊపిరితిత్తుల్లో న్యుమోసిస్టిస్ అనే ఫంగస్ రాకుండా ఇచ్చేది. జ్వరం లేదు కదా యాంటీబయాటిక్ ఎందుకని ఆపేసినవాళ్ళని చూశాను. డాక్టరు ఆపమనే దాకా ఆపకు. దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే చెప్పు.

రోజూ పళ్ళు తోమేటప్పుడు నోరు చూడు. పెరుగు అంటుకున్నట్టు తెల్లగా ఉండి, తుడిస్తే కింద ఎర్రగా కనిపిస్తే అది కాండిడా అనే ఫంగస్. మింగితే నొప్పి అని అన్నం తోసేస్తుంటే గొంతులోకి దిగిందేమో చూపించాలి.

ఇల్లు విషయం. బాబు గది పైకప్పు పగలగొట్టి కొత్తగా వేయిస్తాం అన్నావు. ఇప్పుడు వద్దమ్మా. పాత గోడల దుమ్ములో ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ ఉంటుంది, అది పీలిస్తే ఊపిరితిత్తుల్లో పడుతుంది. తప్పనిసరైతే పని పూర్తయి ఇల్లంతా తడిగుడ్డతో తుడిచేదాకా బాబుని మా ఇంటికి పంపు. సంక్రాంతికి బూజు దులిపే రోజూ అంతే. నూర్పుల దగ్గరికి, గడ్డివాము దగ్గరికి, పావురాలు రెట్టలేసే డాబా మీదకి వెళ్ళనివ్వకు. 2018లో తిత్లీ తుఫాను తర్వాత మీ గోడలకి నెలల తరబడి చెమ్మ ఉండిపోయింది గుర్తుందా, అలాంటి గదిలో పడుకోబెట్టొద్దు. బూజు పట్టిన పల్లీలు, జీడిపప్పు ఏరి కూడా పెట్టకు, పారెయ్యి. పంపరపనస కూడా వద్దు, అదీ టాక్రోలిమస్‌ని పెంచుతుంది.

అలాగని గదిలో బంధించెయ్యకు. డాక్టరు సరేనన్నాక బడికి పంపు, ఆడుకోనీ. పిల్లాడు ఇన్నాళ్ళు డయాలసిస్ మంచం మీదే గడిపాడు.

బాబు జబ్బు ఉద్దానం నీళ్ళ వల్లే వచ్చిందని ఊళ్ళో ఎవరేమన్నా మనసులో పెట్టుకోకు. అక్కడ పెద్దవాళ్ళకి వచ్చే కిడ్నీ జబ్బుకి కారణం ఇప్పటికీ తేలలేదు, బాబుది పుట్టుకతో మూత్రం దారిలో ఉన్న లోపం. నువ్వు చేసిన తప్పు ఏదీ లేదు.

ఇవి మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. జ్వరం 100 దాటడం, స్టెరాయిడ్ వల్ల జ్వరం పెద్దగా రాకపోయినా ఆయాసం రావడం. యాంటీబయాటిక్ వాడినా తగ్గని దగ్గు. రోజుల తరబడి తలనొప్పి, వాంతులు. ముఖం ఒకవైపు వాచడం, ముక్కులో నల్లగా కనిపించడం, ఇది షుగర్ పెరిగిన పిల్లల్లో ఎక్కువ. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గరే, అత్యవసరమైతే ముందు అక్కడికి వెళ్ళండి. అయితే ఏ మందు ఇచ్చే ముందైనా కిడ్నీ మార్చిన డాక్టరుతో వాళ్ళని ఫోన్‌లో మాట్లాడించు. ఆ నంబరు అల్లుడుగారి ఫోన్లోనే కాదు, గోడ మీద కూడా రాసి పెట్టు.

ఇప్పుడు ఆ ట్యూబు వెనకవైపు, మాత్రల అట్ట, బాబు నడుం మీది మచ్చ, మూడూ ఫొటోలు తీసి ముందు డాక్టరుకి పంపు, తర్వాత నాకు. ఆయన ఏమన్నారో రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చేసి చెప్పు, నేను మెలకువగానే ఉంటాను.

మీ పెద్దమ్మ