పాత కెర్నెల్‌తోనే బూట్ కావాలంటే వరుస సంఖ్యను నమ్ముకోకండి

ఉబుంటు అప్‌డేట్ అయ్యాక మీ యూఎస్‌బీ వైఫై పనిచేయడం మానేసింది. బూట్ మెనూలో పాత కెర్నెల్ (ఉబుంటుకు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) ఎంచుకుంటే వైఫై వస్తోంది, రీస్టార్ట్ చేస్తే మళ్లీ కొత్తదే లేస్తోంది. ఈ ఎంపిక ఎవరు చేస్తున్నారు, పాతదాన్ని ఖాయం చేసుకోవడం ఎలా అని మీ ప్రశ్న. విశాఖ ద్వారకానగర్‌లో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రం ల్యాబ్‌ను చూసుకుంటాను. అక్కడి పాత డెస్క్‌టాప్‌లన్నీ ఇలాంటి యూఎస్‌బీ వైఫై మీదే బతుకుతున్నాయి కాబట్టి ఈ తంతు నాకు బాగా పరిచయం.

ఎంపిక చేసేది ఉబుంటు కాదు. ఆ సమయానికి అది ఇంకా లేవనే లేదు. పవర్ బటన్ నొక్కగానే మదర్‌బోర్డులోని యూఈఎఫ్ఐ అనే ఫర్మ్‌వేర్ తన జాబితా చూసి గ్రబ్ అనే బూట్‌లోడర్‌ను పిలుస్తుంది. గ్రబ్ తన మెనూ ఫైలు చదివి, ఒక కెర్నెల్‌నూ బూట్ మొదట్లో దానికి కావలసిన డ్రైవర్లుండే ఇనిట్‌ఆర్‌డీ అనే జోడీ ఫైలునూ మెమరీలోకి ఎక్కించి పగ్గాలు అప్పగిస్తుంది. ఉబుంటు పని ఆ మెనూను ముందే రాసిపెట్టడం వరకే. కెర్నెల్ ప్యాకేజీ వచ్చినప్పుడల్లా అప్‌డేట్-గ్రబ్ అనే ఆదేశం నడుస్తుంది. అది బూట్ ఫోల్డర్‌లోని కెర్నెల్ ఫైళ్లను వెతికి, వెర్షన్ ఎక్కువ ఉన్నదాన్ని పైన పెడుతుంది. తేదీతో దానికి నిమిత్తం లేదు; పాత కెర్నెల్‌ను ఈరోజే మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా దాని స్థానం కిందే. ఇక గ్రబ్ డిఫాల్ట్ అనే సెట్టింగు మామూలుగా 0, అంటే మొదటి వరుస. అందుకే మీకు కొత్తది తగులుకుంటోంది.

ఆ 0 తీసేసి "1>2" అని పెట్టమని చాలామంది చెబుతారు. లెక్క ఇది: ప్రధాన మెనూలో 0 ఉబుంటు, 1 అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అనే ఉపమెనూ. అందులో ఒక్కో కెర్నెల్‌కు రెండేసి వరుసలు, ఒకటి మామూలుది, రెండోది మరమ్మతుల కోసం ఉండే రికవరీ మోడ్. కాబట్టి 0, 1 కొత్త కెర్నెల్‌వి, 2 పాతది. ఈరోజుకు ముచ్చటగా పనిచేస్తుంది. రేపు ఇంకో కెర్నెల్ దిగితే 0, 1 స్థానాలు దానివవుతాయి, మీ పాతది 4కు జారుతుంది, 2లో కూర్చునేది సరిగ్గా మీ వైఫైని చెడగొట్టిన కెర్నెలే! ఆర్టీసీ కాంప్లెక్స్‌లో నిన్న ఈ ప్లాట్‌ఫారం మీద విజయనగరం బస్సు ఆగింది కదా అని ఈరోజు బోర్డు చదవకుండా ఎక్కేసినట్టుంటుంది ఇది.

బోర్డు చదవండి. గ్రబ్ మెనూ ఫైలు తెరిస్తే ఉపమెనూకూ, అందులోని ప్రతి వరుసకూ జీఎన్‌యూలినక్స్ అన్న మాటతో మొదలయ్యే పొడవాటి గుర్తింపు ఉంటుంది. వరుస గుర్తింపులో కెర్నెల్ వెర్షన్ కూడా కనిపిస్తుంది. ముందు ఉపమెనూ గుర్తింపు, తర్వాత > గుర్తు, ఆ తర్వాత పాత కెర్నెల్ గుర్తింపు. మొత్తం కొటేషన్ గుర్తుల మధ్య గ్రబ్ డిఫాల్ట్‌కు ఇచ్చి అప్‌డేట్-గ్రబ్ నడపండి. ఎన్ని కొత్తవి వచ్చినా ఇది చెక్కుచెదరదు. అయితే ఆ కెర్నెల్‌నే ఎవరైనా తీసేస్తే, గ్రబ్ చడీచప్పుడు లేకుండా మొదటి వరుసకు వెళ్లిపోతుంది. అక్కర్లేని ప్యాకేజీలను తీసేసే ఆటోరిమూవ్ దాన్ని ఊడ్చేయకుండా ఆ వెర్షన్ ఇమేజ్, మాడ్యూల్స్ ప్యాకేజీలను ఆప్ట్-మార్క్ ఆదేశంతో మాన్యువల్‌గా గుర్తు పెట్టండి.

ఒక్కసారికే ప్రయత్నించి చూడాలంటే డిఫాల్ట్‌ను సేవ్‌డ్ అని మార్చి గ్రబ్-రీబూట్ ఆదేశం వాడవచ్చు. ఆ ఎంపిక గ్రబ్‌ఎన్వ్ అనే 1024 బైట్ల చిన్న ఫైలులో ఉంటుంది, బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ దాన్ని చెరిపేస్తుంది. బూట్ ఫోల్డర్ ఎల్‌వీఎం (డిస్కు స్థలాన్ని పంచి నిర్వహించే ఏర్పాటు) మీద ఉంటే మాత్రం గ్రబ్ ఆ ఫైలును చదవగలదు గానీ రాయలేదు, కాబట్టి ఆ ఎంపిక చెరగదు.

మాటలో మాట: బూట్ మధ్యలో కరెంటు పోతే తర్వాతిసారి మెనూ 30 సెకన్లు ఆగుతుంది. వేసవిలో మా ల్యాబ్‌లో ఇది మామూలే. కిందటిసారి బూట్ పూర్తికాలేదని గ్రబ్ గుర్తుపెట్టుకుంటుంది, అంతే. సెట్టింగులు చెడిపోయాయని కంగారు పడి ఏదీ మార్చకండి.

ఇంత చెప్పినా, పాత కెర్నెల్‌కే అతుక్కుపోవడం నాకు ఇష్టం లేదు. దానికి భద్రతా సవరణలు రావు. మీ వైఫై డ్రైవర్ బయటినుంచి తెచ్చి వేసుకున్నదైతే, ప్రతి కొత్త కెర్నెల్‌కూ దాన్ని మళ్లీ కంపైల్ చేయాలి. ఆ పని డీకేఎంఎస్ అనే సాధనం చూసుకుంటుంది, కానీ కంపైల్‌కు కావలసిన కొత్త కెర్నెల్ హెడర్లు అనే ఫైళ్లు లేకపోతే దాని చేతులు కట్టేసినట్టే. మా ల్యాబ్‌లో ఎక్కువసార్లు దొరికిన కారణం ఇదే. డీకేఎంఎస్ స్టేటస్ చూడండి. కొత్త వెర్షన్ పక్కన మీ డ్రైవర్ కనిపించకపోతే జెనెరిక్ హెడర్ల ప్యాకేజీ వేసి, మళ్లీ నిర్మించమనండి. అప్పటికీ కుదరకపోతే మీ వైఫైలో ఏ చిప్ ఉందో, డీకేఎంఎస్ లాగ్ చివర ఏ దోషం చూపిందో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.