ఈఈజీ నార్మల్ వచ్చిందని మాత్రలు ఆపకు

చి.ల.సౌ. సత్యవతిని పెద్దమ్మ దీవించి రాయునది.

గుంటడికి ఈఈజీ (తలకి వైర్లు అతికించి మెదడులో కరెంటు చూసే పరీక్ష) నార్మల్ వచ్చింది కదా, ఇక ఫిట్స్ మాత్రలు ఆపేద్దామా అని అడిగావు. వద్దమ్మా. డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా మానకు.

మెదడులో కణాలు చిన్న చిన్న కరెంటుతోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. వాటిని ఎగదోసేవీ ఉంటాయి, అణిచేవీ ఉంటాయి. ఆ తూకం తప్పి బోలెడు కణాలు ఒక్కసారిగా రేగితే ఫిట్స్ వస్తుంది. మెదడంతా రేగితే ఒళ్లంతా కొట్టుకుంటుంది. ఒక్క మూలే రేగితే చెయ్యి మాత్రం అదరవచ్చు, లేదా పిల్లాడు పిలిచినా పలక్కుండా అలా చూస్తూ ఉండిపోవచ్చు. ఈఈజీ తీసేది మామూలుగా ఓ అరగంట. ఆ కాసేపూ మెదడు నిమ్మళంగా ఉంటే అందులో ఏమీ పడదు. అంతమాత్రాన జబ్బు లేదని కాదు. అందుకే ఒక్కోసారి నిద్ర తగ్గించి తీసుకురమ్మంటారు. (ఈసారి వెళ్లేముందు తలంటు. నూనె తల మీద ఆ వైర్లు సరిగ్గా అతకవు.)

మందు ఈ జబ్బును ఊడబెరకదు, ఫిట్స్ రాకుండా ఆపి ఉంచుతుంది. కార్బమజపిన్, ఫెనిటాయిన్ అనే మందులు కణం రేగకుండా దానిలోకి సోడియం దూసుకెళ్లే దారుల్ని బిగిస్తాయి. క్లోబజామ్ అణిచే పక్షానికి బలమిస్తుంది. అదంతా రక్తంలో మందు తగినంత ఉన్నంతసేపే. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. సాధారణంగా కనీసం 2 ఏళ్లు ఫిట్స్ రాకపోతే, అప్పుడు డాక్టరే నెలల తరబడి మెల్లగా తగ్గిస్తారు.

నిద్ర చెడినా ఫిట్స్ వస్తాయి. పైడితల్లమ్మ పండగలో తొలేళ్లకి రాత్రంతా వాడిని తిప్పకు. సిరిమాను ఊరేగింపు మర్నాడు మధ్యాహ్నం కదా, కడుపునిండా నిద్రపోయి వచ్చి చూస్తాడు.

ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టు, గడియారం చూడు. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యి. మీ అత్తగారు తాళాలు తెస్తే గొడవ పడకు, చేతిలో పెడితే పెట్టనీ, ఉపయోగం లేదు గానీ నష్టమూ లేదు. నోట్లో మాత్రం చెంచా, నీళ్లు, ఏదీ పెట్టనివ్వకు. పక్కన ఎవరైనా ఉంటే ఫోన్లో వీడియో తీయమను. డాక్టరుకి ఒక్కోసారి ఈఈజీకన్నా అదే ఎక్కువ చెప్తుంది.

మాత్రలు అయిపోకముందే కొని పెట్టుకో. షాపువాడు వేరే కంపెనీది ఇస్తానంటే డాక్టర్ని అడిగాకే తీసుకో.

మీ పెద్దమ్మ