రియాక్ట్ వచ్చు, మరి వెబ్ డిజైన్ కూడా నేర్చుకోవాలా?

మీ ప్రశ్న ఇది: రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) నేర్చుకున్నారు, ఫ్రంట్ ఎండ్ (వెబ్‌సైటులో కంటికి కనిపించే భాగం) ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తున్నారు, డిజైన్ ప్రాథమికాంశాలు కూడా రావాలా, అది డిజైనర్ పని కాదా, ఫిగ్మా (డిజైనర్లు తెర బొమ్మలు గీసే పనిముట్టు) కూడా నేర్చుకోవాలా అని.

రావాలి. అయితే డిజైన్ అనగానే రంగుల చక్రం ముందు పెట్టుకుని ఏ రంగుకు ఏది ఎదురు రంగో బట్టీ పట్టించే కోర్సులున్నాయే, వాటి జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరూ రంగు ఎంచమని అడగలేదు. రంగులు ముందే ఖాయమై ఉంటాయి. లోగో ఎంచిన యజమాని గారి బావమరిదే వాటినీ తేల్చేసి ఉంటాడు. మీ చేతికి వచ్చేవి ఒక పెట్టె, అందులో అక్షరాలు, వాటి చుట్టూ ఖాళీ. ఫ్రంట్ ఎండ్ డెవలపరుకు డిజైన్ అంటే ఈ మూడే. అందులోనూ తొంభై పాళ్లు అక్షరాలే అంటాను, ఎవరు కాదన్నా సరే.

ఇక "డిజైనర్ పని" సంగతి. డిజైనర్ మీకు ఇచ్చేది ఒక బొమ్మ. ఆ బొమ్మలో మనుషుల పేర్లు ఎప్పుడూ పొట్టిగా ఉంటాయి, ఫొటోలు ఎప్పుడూ మంచి వెలుతురులో తీసినవే, ప్రతి జాబితాలో సరిగ్గా మూడే అంశాలు. బ్రౌజరులోకి వచ్చే జనం వేరు. ఇంటిపేరుతో కలిపి రెండు వరుసలు పట్టే పేర్లు వస్తాయి, ఫొటో పెట్టని ఖాతాలు వస్తాయి, ఒక్క అంశం కూడా లేని జాబితాలు వస్తాయి. అప్పుడు ఏది కుదించాలి, ఏది కింది వరుసకు దించాలి, ఖాళీ చోట ఏమి చూపించాలి అన్నది తేల్చేది మీరే. అది డిజైన్ కాకపోతే మరేమిటి?

నా అనుభవం ఒకటి చెబుతాను, కాస్త పొడుగే. కోస్తాలోని ఒక ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘానికి మా చిన్న సంస్థ వెబ్‌సైటు చేసింది. రైతు తన ఖాతా సంఖ్య, ఫోను నంబరు ఇస్తే బాకీ ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు అన్నవి తెలుగులో కనిపించాలి. అంతే పని. డిజైన్ బెంగళూరు నుంచి వచ్చింది. చూడటానికి ముచ్చటగానే ఉంది, కాకపోతే అందులోని మాటలన్నీ లోరెమ్ ఇప్సమ్. రోమన్ రచయిత సిసిరో లాటిన్ రచనను ముక్కలు చేసి కలిపిన ఆ అర్థం లేని పాఠంతో, 1960లలో అక్షరాలు రుద్ది అంటించే లెట్రాసెట్ కాగితాలు వచ్చినప్పటి నుంచి, అచ్చు పనివాళ్లు ఖాళీలు నింపుతున్నారు. తప్పులేదు. కానీ లాటిన్ అక్షరానికి గుడి ఉండదు, వత్తు ఉండదు. ఆ బొమ్మను ఉన్నది ఉన్నట్లు కోడులోకి దించాక తెలుగు మాటలు తెచ్చి అందులో పోశారు. నేను ఆ ప్రాజెక్టులోకి వచ్చేసరికి పని దాదాపు పూర్తయింది. సిబ్బందికి ఎలా వాడాలో చూపించి రమ్మని నన్ను పంపారు.

సంఘం కార్యదర్శి గారు పదవీ విరమణకు దగ్గరపడిన మనిషి. కళ్లద్దాలు తుడుచుకుని, ఫోనును చేయి చాచినంత దూరంలో పట్టుకుని, పైకి చదివారు: "చెలించవలసిన వడీ." ఆగి మళ్లీ చదివారు.

"అమ్మాయీ, ఇందులో వత్తులు ఏమయ్యాయి? ప్రింటరులో సిరా అయిపోతే ఇలాగే వస్తుంది."

"ఉన్నాయండీ, కిందికి తెగిపోయినట్లున్నాయి."

"తెగిపోతే ఎలాగమ్మా? రైతు ఏమని చదువుకుంటాడు?"

గుమస్తా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అంతకుముందు మా ఆఫీసులో అందరూ అదే తెర చూశారు, బాగుందన్నారు. చూశారే గాని చదవలేదు. ఆ తెరను మొదటిసారి చదివిన మనిషి మా సంస్థవాడే కాదు!

జరిగింది చాలా చిన్న విషయం. కార్డు (తెర మీద ఒక్కో వివరం ఉండే పెట్టె) శీర్షిక ఒకే వరుసలో ఉండాలి, మాట ఎక్కువైతే చివర మూడు చుక్కలు రావాలి అని కోడు రాశారు. ఆ చుక్కలు రావడానికి, పెట్టె దాటినదాన్ని దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టారు. లైన్ హైట్ (అక్షరం సైజుకు వరుస ఎత్తు ఎన్ని రెట్లు అన్నది) 1.2. ఇంగ్లీషు శీర్షికకు 1.2 చక్కగా అమరుతుంది. తెలుగులో ల వత్తు, డ వత్తు ఆ వరుస పెట్టె దాటి కిందికి దిగుతాయి. హిడెన్ లేకపోతే దిగి, కింది వరుస గుడులకు తగిలి ఊరుకునేవి. హిడెన్ ఉంది కాబట్టి బ్రౌజరు వాటిని శుభ్రంగా కోసేసింది. లైన్ హైట్ 1.6 చేసి, శీర్షిక పెట్టెకు అడుగున కొంచెం ప్యాడింగ్ (లోపలి ఖాళీ) ఇచ్చి, బటన్లకు పిక్సెళ్లలో బిగించిన ఎత్తు తీసేసి కనీస ఎత్తు పెడితే సరిపోయింది. ఒక పూట పని కూడా కాదు.

అదే తెరలో ఇంకో జబ్బు ఉంది. శీర్షికకు బరువు (అక్షర గీతల మందం) 700 అడిగారు, ఎంచుకున్న ఖతికి (ఫాంటుకు) ఉన్నది ఒక్క బరువే. గూగుల్ ఫాంట్స్‌లోని మండలి, ఎన్టీఆర్, రామభద్ర ఇలాంటివే: అందమైన ఖతులు, ఒకటే బరువు. లేని బరువు అడిగితే బ్రౌజరు తనకు తానే గీతలను లావు చేస్తుంది. పెద్ద అక్షరాల్లో పరవాలేదు గాని, చిన్నవాటిలో ఠ, థ లోపలి చుక్కలు పూడిపోయి అక్షరం నల్లటి ముద్ద అవుతుంది. నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు, అనెక్ తెలుగు వంటివాటికి నిజమైన బరువులున్నాయి. ఖతి ఎంచేటప్పుడు "అందంగా ఉందా" అని కాదు, "ఎన్ని బరువులున్నాయి" అని మొదట చూడండి. ఇటాలిక్ సంగతి అడగనే వద్దు. మన లిపిలో ఆ సంప్రదాయమే లేదు, బ్రౌజరు అక్షరాన్ని పక్కకు తోసి పెడుతుంది, అంతే.

తరువాత కార్యదర్శి గారు ఫారం నింపారు. ఖాతా సంఖ్యను తీసుకెళ్లి ఫోను నంబరు గడిలో కొట్టారు. పెద్దవారు కదా, పొరపాటు అనుకోవచ్చు. కానీ గుమస్తా కూడా అలాగే చేశాడు. ఆ ఫారంలో గడి పేరుకూ (లేబుల్) గడికీ మధ్య 24 పిక్సెళ్లు, గడికీ తరువాతి పేరుకూ మధ్య కూడా 24 పిక్సెళ్లే. పేరు పై గడిదా కింది గడిదా అని కన్ను ఎలా తేల్చుకుంటుంది? దగ్గరగా ఉన్నవాటిని మనసు ఒక జట్టుగా చూస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త మాక్స్ వెర్ట్‌హైమర్ 1923లోనే రాశాడు. పేరుకూ దాని గడికీ మధ్య 8 పెట్టి, తరువాతి జట్టుకు 24 వదిలాను. ఎవరికీ ఏమీ వివరించవలసిన అవసరం రాలేదు. మీరు డిజైన్ పేరుతో ఒకే ఒక్క విషయం నేర్చుకుంటానంటే ఇది నేర్చుకోండి. రంగులు తరువాత.

బాకీ మొత్తం 125,000 అని వచ్చింది. కార్యదర్శి గారు వేలితో సున్నలు లెక్కపెట్టుకున్నారు. మనకు అది 1,25,000. జావాస్క్రిప్టులో సంఖ్యను అచ్చువేసే సదుపాయానికి భారతదేశపు లొకేల్ (ఏ ప్రాంతపు అలవాటు పాటించాలో చెప్పే గుర్తు) ఇస్తే కామా తనంతట తాను సరైన చోట పడుతుంది. నిలువుగా పేర్చిన అంకెలను కుడివైపుకు జరిపి, అన్ని అంకెలకూ ఒకే వెడల్పు వచ్చేలా ట్యాబ్యులర్ నమ్స్ పెడితే (ఖతిలో ఆ ఏర్పాటు ఉండాలి) ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు నిలబడతాయి. ఊళ్లో చిట్టా రాసే ప్రతి గుమస్తాకూ తెలిసిన సంగతి ఇది. ఇంజనీరింగ్ పట్టా ఉన్నవాళ్లకు చెప్పవలసి వస్తోంది.

బూడిద రంగు గురించి తిట్టకుండా ఈ జవాబు ముగించలేను. తెల్లని నేల మీద 999999 అనే రంగు కోడు ఉన్న బూడిద అక్షరాలు ఈ దేశంలో ప్రతి రెండో వెబ్‌సైటులో ఉంటాయి. వాటి కాంట్రాస్టు (నేలకూ అక్షరానికీ మధ్య వెలుతురు నిష్పత్తి) 2.85. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలని వెబ్ అందుబాటు మార్గదర్శకాలు 2008 నుంచీ చెబుతున్నాయి. 767676 దగ్గర ఆ గీత దాటుతాం, అంటే కొంచెం ముదురు చేస్తే చాలు. ఏసీ గదిలో, పెద్ద తెర ముందు కూర్చున్నవారికి లేత బూడిద సున్నితంగా కనిపిస్తుంది. ఏప్రిల్ ఎండలో గట్టు మీద నిలబడి ఫోను చూసే రైతుకు అక్కడ ఏమీ కనిపించదు. ఇందులో అభిరుచి ప్రసక్తే లేదు. కొలిచి చూసుకునే లెక్క. బ్రౌజరులోని డెవలపర్ టూల్స్ ఆ అంకె చూపిస్తాయి, డిజైనర్‌తో వాదించకుండా ఆ అంకె చూపించండి.

ఉద్యోగ ప్రకటనల్లో "పిక్సెల్ పర్ఫెక్ట్" (డిజైనర్ బొమ్మకు ఒక్క చుక్క కూడా తేడా రాకూడదని) అని రాసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఎవరి పిక్సెల్? 1994లో హాకోన్ వియుమ్ లీ, వెబ్ పేజీల రూపం చెప్పే భాష సీఎస్‌ఎస్‌ను ప్రతిపాదించినప్పుడే పేజీ రాసినవారి ఇష్టమూ చదివేవారి ఇష్టమూ రెండూ కలిసి రూపం తేలాలన్నది అందులోని ముఖ్య ఆలోచన. కార్యదర్శి గారు తన ఫోనులో అక్షరాలు పెద్దవి చేసి పెట్టుకున్నారు. అది ఆయన హక్కు. మన బొమ్మ ఆ అక్షరాలకు చోటు ఇవ్వాలి గాని, ఆయన మన బొమ్మకు లొంగకూడదు. అందుకే అక్షరాల సైజును రెమ్‌లో (పేజీ మూల అక్షరం సైజును బట్టి మారే కొలత) రాయండి. లైన్ హైట్‌కు యూనిట్ లేకుండా ఉత్త అంకె ఇవ్వండి, అప్పుడు అక్షరం పెరిగితే వరుస ఎత్తు కూడా దానితో పాటు పెరుగుతుంది.

ఫిగ్మా నేర్చుకోవాలా అని కూడా అడిగారు. తెరవడం, కొలతలు చూడటం వస్తే చాలు, అది ఒక మధ్యాహ్నం పని. ఆ కోర్సుకు కట్టే డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. దానికి బదులు మీరు ఇప్పటికే చేసిన ఏదో ఒక రియాక్ట్ ప్రాజెక్టు తీసుకోండి. అందులోని ఉత్తుత్తి మాటలన్నీ తీసేసి "రాష్ట్ర స్త్రీ శిశు సంక్షేమం", "జ్యోత్స్న", "చెల్లించవలసిన వడ్డీ" లాంటివి పెట్టండి. తెర వెడల్పు 360 పిక్సెళ్లకు కుదించండి, ఎండలోకి వెళ్లి చూడండి, తరువాత ఇంట్లో పెద్దవాళ్ల చేతికి ఇచ్చి పక్కన నోరు మూసుకుని కూర్చోండి. నోరు మూసుకోవడమే కష్టం.

ఇంటర్వ్యూలో ఇవేవీ అడగరని ముందే చెబుతున్నాను. డివ్‌ను (పేజీలోని ఒక పెట్టెను) మధ్యకు ఎలా తెస్తారని అడుగుతారు. 2017లో పెద్ద బ్రౌజర్లన్నింటిలోకీ గ్రిడ్ (పేజీని గడులుగా అమర్చే సీఎస్‌ఎస్ పద్ధతి) వచ్చాక అది రెండు పంక్తుల పని, అయినా ఇంకా అదే అడుగుతున్నారు. ఆ రెండు పంక్తులూ చెప్పేయండి. తరువాత "మీరేమైనా అడుగుతారా" అంటారు కదా, అప్పుడు వాళ్ల సైటునే ఫోనులో తెరిచి, భాష తెలుగు అని ఎంచి, శీర్షికలో తెగిన వత్తు చూపించండి. తెగిన వత్తు దొరకకపోతే ఆ కంపెనీలో వెంటనే చేరిపోండి.